ధర అడిగే ముందు నీటిదారి చూడండి: వరంగల్ చుట్టుపక్కల స్థలం కొనేవారికి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కల ఇంటి స్థలం వెతికేవారు మొదట అడిగేది గజం ఎంత అని. తర్వాత మెయిన్ రోడ్డుకు ఎంత దూరమని. ఎవరైనా గుర్తుచేస్తే, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని. గట్టి వాన పడితే ఇక్కడి నీళ్లు ఎటు పోతాయని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నా దృష్టిలో మొదట అడగవలసింది అదే.

మన ఓరుగల్లు చెరువుల నేల. ఒక చెరువు నిండి మత్తడి (నీరు బయటికి పొర్లే అలుగు) దుమికితే ఆ నీరు కింది కుంటకు, ఆ కుంట నిండితే ఇంకో చెరువుకు పోయేలా కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా అమరిన ఏర్పాటు ఇది. ఆ దారిలో ఇల్లు కట్టుకుంటే పట్టా ఎంత పక్కాగా ఉన్నా వాన లెక్కచేయదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నగరంలో ఏ ఏ కాలనీలు మునిగాయో ఒకసారి గుర్తుచేసుకోండి. మునిగిన ఇళ్లలో చాలావాటికి రిజిస్ట్రేషన్ ఉంది, ఇంటి నంబరు ఉంది, పన్ను రసీదు ఉంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. మనకు ఏడాది మొత్తంలో కురిసేదే సుమారు వెయ్యి. ఆ రోజు కురిసినంత వాన 200 గజాల స్థలం మీద పడితే ఆ ఒక్క ముక్క మీదే లక్ష లీటర్లకు పైగా నీరు. అదంతా ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా.

నేను ఉద్యోగ జీవితమంతా ప్రణాళికా విభాగంలో పటాలు గీసినదాన్ని. ట్రేసింగ్ కాగితం, నల్ల ఇంకుతో మొదలుపెట్టి కంప్యూటర్ దగ్గర పదవీ విరమణ చేశాను. ఇప్పటికీ చుట్టాల్లో ఎవరు స్థలం కొనబోయినా "పెద్దమ్మా, ఒకసారి చూసి చెప్పు" అంటూ కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెడతారు. అప్పుడు నేను ఏ వరసలో ఏం చూస్తానో ఇక్కడ రాస్తున్నాను. ఇందుకు ఇంజనీరింగ్ చదివి ఉండనక్కర్లేదు. యాభై అడుగుల టేపు, నాలుగు ట్రేసింగ్ కాగితాలు, వాన వెలిసిన ఒక ఉదయం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

మూడు పటాలు, ఒకదానిమీద ఒకటి

ఇయాన్ మెక్‌హార్గ్ అనే ప్రణాళికా నిపుణుడు 1960లలో అమెరికాలో ఒక పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. నేల వాలు ఒక పారదర్శకమైన కాగితం మీద, వరద ముంపు ఇంకోదాని మీద, అడవి, చారిత్రక స్థలాలు, మంచి సాగుభూమి వేరు వేరు కాగితాల మీద గీస్తారు. కాపాడవలసిన చోటు ఎంత ముఖ్యమైనదైతే అంత ముదురుగా రంగు వేస్తారు. అన్నింటినీ పేర్చి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే లేత రంగుగా మిగిలిన చోటే రోడ్డుకైనా ఇంటికైనా అనువైన చోటు. ఇప్పుడు కంప్యూటర్లలో చేసే భూ వినియోగ విశ్లేషణకు పునాది ఈ దొంతి పద్ధతే. మన స్థలానికి మూడు కాగితాలు చాలు: గ్రామ నక్షా, మాస్టర్ ప్లాన్, నీటి పటం.

గ్రామ నక్షా సర్వే, భూమి రికార్డుల కార్యాలయంలో దొరుకుతుంది. అందులో సర్వే నంబర్ల హద్దులు, చెరువులు, కుంటలు, వాగులు, ఒర్రెలు (చిన్న వాగులు), బండ్ల బాటలు ఉంటాయి. ఇది పాతది కాబట్టి పనికిరాదనుకోకండి, పాతది కావడమే దీని విలువ. ఇప్పుడు మట్టి పోసి చదును చేసిన చోట ఒకప్పుడు ఒర్రె ఉండేదని చెప్పేది ఈ కాగితం ఒక్కటే. అమ్మేవారు చూపించే రంగుల బ్రోషర్‌లో ఒర్రె ఉండదు. ఉంటే "లేక్ వ్యూ" అనే పేరుతో ఉంటుంది.

నక్షాతో పాటు ఆ సర్వే నంబరు పాత పహాణీలు (భూమి ఎవరిది, ఎవరు సాగు చేశారో రాసే రికార్డులు) కూడా తీయించండి. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి వరసగా చూడగలిగితే మరీ మంచిది. భూమి స్వభావం రాసిన చోట "శిఖం" అని కనిపిస్తే అది చెరువు నీరు పరుచుకునే భూమి. శిఖం పట్టా ఉన్నా సరే, నీరు వెనక్కి తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే తప్ప ఇల్లు కట్టుకోవడానికి కాదు. "లావణి పట్టా" అని ఉంటే ప్రభుత్వం అసైన్ చేసిన, అంటే పేదలకు ఇచ్చిన భూమి. అలాంటి భూముల అమ్మకాలను 1977 చట్టం నిషేధించింది. సర్కారీ, వక్ఫ్, దేవాదాయ, భూదాన్ అన్న మాటలు ఎక్కడ కనిపించినా అక్కడే ఆగిపోయి, రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో వెతకండి.

రెండో కాగితం మాస్టర్ ప్లాన్. వరంగల్‌కు 1970ల మొదట్లో వచ్చిన ప్లానే చాలా కాలం ఆధారంగా ఉండింది. 2041ను దృష్టిలో పెట్టుకుని తయారు చేసిన కొత్త ప్లాన్‌కు 2024 చివర్లో ఆమోదం వచ్చింది. అందుకే ఎవరైనా భూ వినియోగ ధ్రువపత్రం చూపిస్తే మొదట దాని మీది తేదీ చూడండి. పాత ప్లాన్ ప్రకారం ఇచ్చిన పత్రం కొత్త ప్లాన్‌లో చెల్లుతుందని అనుకోవద్దు. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థలో సర్వే నంబరుతో దరఖాస్తు పెట్టి మీ పేరు మీద కొత్త పత్రం తీసుకోండి. దానికయ్యే ఖర్చు మీరు పెట్టబోయే పెట్టుబడి ముందు లెక్కలోకి రాదు.

ఈ పటాల్లో నివాస ప్రాంతం పసుపు, వాణిజ్యం నీలం, పరిశ్రమలు ఊదా, ప్రభుత్వ, ప్రజా అవసరాల స్థలాలు ఎరుపు, పార్కులు ఆకుపచ్చ ఉండటం మామూలు. అయినా పటం మూలన ఉన్న రంగుల వివరం చదవకుండా ఏదీ నిర్ణయించుకోకండి. రంగుతో పాటు గీతలు కూడా చూడాలి. సమాంతరంగా పోయే రెండు గీతల మధ్య మీ ప్లాటు పడితే అక్కడ రోడ్డు ప్రతిపాదన ఉందని అర్థం. ఇప్పుడు అక్కడ పత్తి చేను ఉన్నా, రేపు మీరు ఇంటి అనుమతికి పోతే అంత మేర వదిలి కట్టమంటారు.

ఇలా రంగుల వారీగా విడదీసిన ప్రాంతాలే జోన్లు. వాటిని ఎందుకు పెడతారని మా తమ్ముడి కొడుకు ఒకసారి అడిగాడు. నా భూమిలో నేను ఏమైనా కట్టుకోవచ్చు కదా అని వాడి వాదం. ఎనుమాముల మార్కెట్ వైపు జిన్నింగ్ మిల్లుల పక్కనుంచి పత్తి సీజన్‌లో ఒకసారి నడిచి రమ్మన్నాను. గాలిలో నూగు, రాత్రంతా మిషన్ల మోత, రోడ్డు పొడుగునా లారీల బారు. మిల్లు ఉండాలి, ఇల్లు కూడా ఉండాలి. రెండూ గోడకు గోడ ఆనుకుని ఉంటే ఇంటివారికి ఊపిరాడదు, మిల్లు యజమానికి ఫిర్యాదుల బెడద తప్పదు. నీ భూమిలో నువ్వు చేసే పని పక్కవాడి భూమి మీద పడుతుంది కాబట్టి, ఆ ప్రభావాన్ని ముందే లెక్కవేసి దూరం పెట్టడమే జోనింగ్.

నగరం చుట్టూ వ్యవసాయ ప్రాంతం ఎందుకు ఉంచుతారన్నది కూడా ఇలాంటిదే. 1826లోనే ఫాన్ ట్యూనెన్ అనే జర్మన్ భూస్వామి ఈ లెక్క వేశాడు. త్వరగా పాడయ్యే పాలు, కూరగాయలు బజారుకు దగ్గరగా పండుతాయి, నిల్వ ఉండే ధాన్యం దూరంగా పండుతుంది అని. మన దగ్గర కూడా ఆకుకూరలు, పాలు తెల్లవారేసరికి నగరానికి చేరాలి. మిర్చి, పత్తి మాత్రం ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చినా చెడిపోవు. దగ్గరి తోటలన్నీ ప్లాట్లైపోతే కొత్తిమీర కట్ట ధర ఎందుకు పెరిగిందని మనమే ఆశ్చర్యపోతాం.

మూడో కాగితం నీటి పటం. ఇది ఎవరూ తయారుగా ఇవ్వరు, మీరే గీసుకోవాలి. నీటిపారుదల శాఖ దగ్గర చాలా చెరువులకు పూర్తి నీటి మట్టం హద్దు, అంటే ఎఫ్‌టీఎల్ గీసిన పటాలు ఉంటాయి. ఆ పటం నకలు అడగండి. ఇస్రో వారి భువన్ ఉపగ్రహ చిత్రాలు, సర్వే ఆఫ్ ఇండియా టోపో పటాలు ఇంటర్నెట్‌లో చూడవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలకు వెనక్కి వెళ్లే సదుపాయం ఉంది. అక్టోబరు, నవంబరు నెలల చిత్రాలు వెతకండి. అప్పుడు చెరువులు నిండుగా ఉంటాయి. ఏప్రిల్ చిత్రం చూస్తే ఎండిన మైదానం కనిపించి మనసు మోసపోతుంది.

ఇప్పుడు మూడింటినీ ఒకే కొలతకు తెచ్చుకోవాలి. మారని గుర్తులు మూడు ఎంచుకోండి: పాత గుడి, చెరువు కట్ట మలుపు, మూడు ఊళ్ల హద్దులు కలిసే రాయి లాంటివి. జిరాక్స్ దుకాణంలో ఒక పటాన్ని పెద్దది చేస్తూ, చిన్నది చేస్తూ ఆ మూడు గుర్తులు రెండో పటం మీది గుర్తులతో కలిసేవరకు సరిచేయించండి. తర్వాత ట్రేసింగ్ కాగితం మీద నీలి పెన్నుతో నీళ్లు, ఎర్ర పెన్నుతో జోను హద్దులు, నల్ల పెన్నుతో సర్వే నంబర్లు గీసి, కిటికీ అద్దానికి ఆనించి చూడండి. మూడూ ఒకటే మాట చెబితే సంతోషం. పేచీ వస్తే, అంటే నక్షాలో ఒర్రె ఉన్న చోట మాస్టర్ ప్లాన్‌లో పసుపు రంగు ఉంటే, నీలి గీతనే నమ్మండి. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు పెద్దలు.

నేల మీద నడవడం

పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లాండ్ మేధావి 1914లో మన దేశానికి వచ్చి ఎన్నో పట్టణాలు కాలినడకన తిరిగి నివేదికలు రాశాడు. ముందు పరిశీలన, తర్వాతే ప్రణాళిక అన్నది ఆయన సూత్రం. దోమలు వస్తున్నాయని చెరువులు పూడ్చేద్దామని అధికారులు అంటే, పూడ్చవద్దు, శుభ్రం చేసి చేపలు, బాతులు వదలండి అని వాదించినవాడు. నూరేళ్ల కిందటి ఆ మాట మన కుంటలన్నింటికీ ఇప్పటికీ వర్తిస్తుంది. అందుకే ఆయనంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

నడక ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చెబుతాను. ములుగు రోడ్డు వైపు ఒక ఊళ్లో మా అక్క కొడుకు 200 గజాల ప్లాటు చూశాడు. బ్రోషర్ అందంగా ఉంది, ధర అందుబాటులో ఉంది, కుంటకు వంద గజాల దూరమని అమ్మేవారు చెప్పారు. పెద్ద వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం.

ప్లాటు దగ్గరికి పోకముందే రోడ్డు దగ్గర బండి ఆపించాను. తారు రోడ్డు కింద రెండు సిమెంటు పైపులు ఉన్నాయి, వాటి నోట్లో చెత్త, ఎండిన గడ్డి ఇరుక్కుని ఉంది. నీళ్లు రాని చోట రోడ్డు కింద ఎవరూ పైపులు వేయరు. ఆ పైపుల నుంచి నీరు పోవలసిన దిశలో కన్ను పోనిస్తే సరిగ్గా లేఅవుట్ రెండో వరస ప్లాట్లు కనిపించాయి. అక్కడ మట్టి ఎర్రది, కొత్తగా పోసినది. పది అడుగులు పక్కకు పోతే అసలు నేల నల్ల రేగడి. పైన పోసిన చల్క మట్టిని కాలితో తొలిస్తే కింద జిగట నల్లమట్టి, అందులో చిన్న చిన్న నత్తగుల్లలు. నీటి నత్తగుల్లలు నీరు నిలవని చోట ఉండవు. ప్లాటు మూలన తుంగ మొలిచింది, దాని వెనక జమ్ము. ఈ రెండూ కనిపించాయంటే ఏడాదిలో చాలా నెలలు అక్కడ తడి ఉంటుందని గుర్తు. పక్క ప్లాటులో కట్టిన ప్రహరీ గోడ మీద మోకాలి ఎత్తులో మట్టి చార, గోడ పొడుగునా ఒకే మట్టంలో ఉంది. చిమ్మిన బురద మరకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. నిలిచిన నీటి చార ఎప్పుడూ సమంగా, గీత గీసినట్టు ఉంటుంది.

అక్కడ బర్రెలు మేపుతున్న ఒక పెద్దాయనను పలకరించాను. "తాతా, ఈ భూమి మునుపు ఏముండేది?" అని మావాడు అడిగాడు. "కుంట వెనక భూమి బిడ్డా ఇది. నీళ్లు తగ్గాక యాసంగిలో నువ్వులు వేసేవాళ్లం" అన్నాడాయన. ఆ ఒక్క మాట ఎన్ని కాగితాలకైనా సమానం. ప్లాట్లు అమ్మేవారిని కాకుండా అక్కడ పశువులు మేపేవారిని, పొలం చేసినవారిని, చెరువు తూము తిప్పే నీరటికాడిని అడగండి. వాళ్లకు ఆ నేల తెలిసినంత ఎవరికీ తెలియదు.

తర్వాత కుంట మత్తడి దగ్గరికి నడిచాం. పూర్తి నీటి మట్టం అంటే మత్తడి పైఅంచు ఎత్తు. కుంట నిండినప్పుడు నీరు ఆ ఎత్తుకు సమానంగా చుట్టూ పరుచుకుంటుంది. కాబట్టి కట్టకు నీళ్లున్న వైపున, మత్తడి అంచుకన్నా పల్లంగా ఉన్న ప్రతి అడుగూ కుంటే, ఈ రోజు అక్కడ నీళ్లున్నా లేకున్నా. వేసవిలో నీటి అంచు నుంచి కొలిచి "వంద గజాల దూరం" అని చెప్పే మాట వినకండి. హద్దు కొలవవలసింది నీటి అంచు నుంచి కాదు, ఎఫ్‌టీఎల్ గీత నుంచి.

ఈ ఎత్తు తేడా చూడటానికి మేస్త్రీలు వాడే నీటి గొట్టం సరిపోతుంది. పారదర్శకమైన పొడవాటి ప్లాస్టిక్ గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొన మత్తడి అంచు దగ్గర పాతిన కర్రకు, ఇంకో కొన గొట్టం అందినంత దూరంలో పాతిన కర్రకు పట్టుకుంటే రెండు వైపులా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ఆ మట్టం గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి మళ్లీ ముందుకు పోవాలి. ప్రతి దశలో కొంచెం తేడా రావచ్చు, అందుకే ప్లాటు దూరంగా ఉంటే ఆటో లెవెల్ (ఎత్తు తేడా కొలిచే పరికరం) ఉన్న సర్వేయర్‌ను పిలిపించడం మేలు. మేం చూసిన ప్లాటు మత్తడి అంచుకన్నా అడుగు పైచిలుకు కిందికి వచ్చింది. మా వాడు ఇంకో మాట మాట్లాడకుండా అడ్వాన్సు ఇచ్చే ఆలోచన మానుకున్నాడు.

కట్టకు ఇవతలి వైపు, అంటే ఆయకట్టు వైపు ఉన్న స్థలమైతే లెక్క వేరు. అక్కడ ముంపు హద్దు కాదు, మత్తడి నీరు పోయే దారి చూడాలి. మత్తడి దగ్గర నిలబడి నీరు కింది చెరువుకు చేరేవరకు ఆ కాలువ వెంట నడవండి. మధ్యలో ఎక్కడో కాలువ సన్నబడి, ఆ పైన ఇళ్లు కనిపిస్తాయి. ఆ ఇరుకుకు ఎగువన ఉన్న స్థలం ఎప్పటికైనా మునుగుతుంది, ఎందుకంటే నీరు అక్కడ ఆగి వెనక్కి ఎగదన్నుతుంది.

దూరాల నిబంధనలు 2012 భవన నిర్మాణ నియమాల్లో ఉన్నాయి. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువు, కుంట, శిఖం భూమి అయితే 9 మీటర్లు. వాగు, నాలా, కాలువ పది మీటర్లకన్నా వెడల్పయితే 9 మీటర్లు, అంతకు లోపలైతే 2 మీటర్లు. నాలా వెడల్పు విషయంలో జాగ్రత్త. ఇప్పుడు కనిపించే వెడల్పు ఆక్రమణల తర్వాత మిగిలినది. అసలు వెడల్పు నక్షాలో ఉంటుంది, దాన్నే పట్టుకోండి. టేపు లేకపోతే అంగలతో కొలవండి. మామూలు అంగ రెండున్నర అడుగులు, 30 మీటర్లకు దాదాపు నలభై అంగలు.

ఇవన్నీ కనీస దూరాలు. నిబంధన 9 మీటర్లంది కదా అని పదో మీటరులో పునాది తీయడం నాకు నచ్చదు. పాత ఊళ్లను చూడండి. గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్లున్న చోటు, ఎప్పుడూ మెరక మీద ఉంటుంది, చెరువు కింద పల్లంలో వరి, పైన చల్కల్లో మెట్ట పంటలు, గుట్ట వాలున పశువుల మేత. ఏ కార్యాలయమూ గీయని మాస్టర్ ప్లాన్ అది, చాలా ఊళ్లలో ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

కాగితాల్లో ఎక్కువమంది కలగలిపేవి

వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం రెవెన్యూ వారి పని. 2006 చట్టం ప్రకారం జరిగే ఈ మార్పిడిని అందరూ "నాలా" అంటారు, పైన చెప్పిన నీటి నాలాకు దీనికి సంబంధం లేదు. మాస్టర్ ప్లాన్‌లో జోను మార్చడం వేరే పని. అది ప్రభుత్వం దాకా పోతుంది, ముందుగా ప్రకటన ఇచ్చి ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలి. నాలా అయిపోయిందని చూపించి "ఇక ఇల్లు కట్టుకోవచ్చు" అంటే నమ్మకండి. జోను వ్యవసాయమే అయితే నాలా కాగితంతో ఇంటి అనుమతి రాదు. భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చినా ఈ తేడా మారలేదు.

అలాగే పంచాయతీ తీర్మానం, పంచాయతీ ముద్ర ఉన్నంత మాత్రాన లేఅవుట్‌కు అనుమతి ఉన్నట్టు కాదు. పట్టణాభివృద్ధి సంస్థ లేదా టౌన్ ప్లానింగ్ శాఖ సాంకేతిక ఆమోదం నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ప్లాట్లు దాటిన ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదై ఉండాలి. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) రుసుము కట్టాం అని ఎవరైనా చెబితే కట్టిన రసీదు కాదు, క్రమబద్ధీకరణ ఉత్తర్వు చూపించమనండి. దరఖాస్తు పెట్టడం వేరు, అది మంజూరు కావడం వేరు.

లేఅవుట్ నిజాయితీని కొలవడానికి నేను వాడే లెక్క ఒకటుంది. ఎకరా అంటే 4,840 గజాలు. మంచి లేఅవుట్‌లో రోడ్లు పోను, స్థానిక సంస్థకు ఇవ్వవలసిన పది శాతం ఖాళీ స్థలం పోను, అమ్ముకోవడానికి మిగిలేది సగానికి కొంచెం ఎక్కువ. బ్రోషర్‌లోని ప్లాట్ల గజాలన్నీ కూడండి. ఎకరాకు 3,500 గజాలకు పైగా అమ్ముతున్నారంటే రోడ్లు ఇరుకై ఉండాలి, లేదా పార్కు కాగితం మీద మాత్రమే ఉండాలి. పార్కు ఎక్కడ చూపించారో కూడా చూడండి. కుంట శిఖంలోనో, హైటెన్షన్ తీగల కిందనో చూపించి పది శాతం నింపేస్తారు. రోడ్డు వెడల్పు కొలిచేటప్పుడు తారు అంచు నుంచి కాదు, ప్లాటు హద్దురాయి నుంచి ఎదుటి హద్దురాయి వరకు కొలవాలి. ముప్పై అడుగులని చెప్పిన రోడ్డు ఎంత వస్తుందో మీరే చూడండి.

ఇంటి అనుమతికి 2020లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ విధానం వచ్చింది. 75 గజాల లోపు స్థలానికి నమోదు సరిపోతుంది. 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. వెంటనే వస్తుంది కాబట్టి అంతా సరిగ్గా ఉన్నట్టే అనుకోవద్దు. స్వీయ ధ్రువీకరణ అంటే బాధ్యత మీది. చెరువు హద్దులో కట్టినట్టు తర్వాత తేలితే ఆ అనుమతి మిమ్మల్ని కాపాడదు.

కోట ప్రాంతం వారికి ఇంకో మాట. ఓరుగల్లు కోట, వేయి స్తంభాల గుడి లాంటి రక్షిత కట్టడాల హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లలో ప్రత్యేక అనుమతి తప్పనిసరి. మధ్యకోట, తూర్పుకోట, పడమరకోటల్లో స్థలం చూసేవారు ఈ దూరాన్నే ముందు కొలవాలి. మామునూరు చుట్టుపక్కల రెండు మూడు అంతస్తులు కట్టాలనుకునేవారు విమానాశ్రయం ఎత్తు పరిమితులు కూడా అడిగి తెలుసుకోండి.

ఇప్పటికే కొన్నవారు, ఊరి కోసం పోరాడేవారు

స్థలం కొనేసి, ఇప్పుడిది చదివి కంగారు పడుతున్నవారు ముందు ఎఫ్‌టీఎల్ హద్దుకు బయట ఉన్నారా లోపల ఉన్నారా అన్నది తేల్చుకోండి. లోపల ఉంటే కట్టకండి. ఎంత కష్టమైనా ఇదే నా సలహా. కడితే, పోయిన డబ్బు మీద ఇంకా డబ్బు పోయడం అవుతుంది. బయట ఉండి పల్లంగా ఉంటే పునాది ఎత్తు పెంచుకోవచ్చు. అయితే మీ స్థలంలో మట్టి పోసి మెరక చేస్తే ఆ నీరు పక్కింటికి పోతుంది. అందుకే మట్టి దిబ్బ మీద కాకుండా స్తంభాల మీద ఇల్లు లేపి, కింద నీరు పోయే దారి వదలండి. పక్కవారితో కలిసి కాలనీ మొత్తానికి ఒకే కాలువ తవ్వించగలిగితే ఇంకా మంచిది.

మాస్టర్ ప్లాన్ పైనుంచి ఊడిపడేదని, మన చేతుల్లో ఏమీ లేదని చాలామంది అనుకుంటారు. 1975 పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టమే ముసాయిదా మీద అభ్యంతరాలు, సలహాలు తీసుకోవాలని చెబుతోంది. 2022లో రింగు రోడ్డు చుట్టూ ల్యాండ్ పూలింగ్, అంటే రైతుల భూములు సమీకరించే ప్రతిపాదన వచ్చినప్పుడు రైతులు ఊరూరా కదిలారు, ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. జోను మార్పు ప్రకటనలు పత్రికల్లో చిన్న అక్షరాల్లో వస్తాయి, గడువు కొద్ది రోజులే ఉంటుంది. కాలనీ సంఘంలో ఎవరో ఒకరు ఆ పేజీ రోజూ చూసే బాధ్యత తీసుకోండి.

అభ్యంతరం రాసేటప్పుడు "మా ఊరికి అన్యాయం జరుగుతోంది" అని రాస్తే అది ఫైలులో కలిసిపోతుంది. ఏ సర్వే నంబరు, నక్షాలో అక్కడ ఏముంది, ప్లాన్‌లో ఏ రంగు వేశారు, ఆ నీరు ఏ కుంట నుంచి ఏ చెరువుకు పోతుంది, ఏ ఏడాది ఎన్ని ఇళ్లు మునిగాయి అన్నది రాయండి. మీరు గీసుకున్న ట్రేసింగ్ కాగితం నకలు, వాన రోజు తీసిన ఫోటోలు జత చేయండి. ఫోటో వెనక తేదీ, సర్వే నంబరు, ఏ దిక్కుకు తిరిగి తీశారో రాయండి. వీలైనంతమంది విడివిడిగా సంతకాలు చేసి విడివిడిగా ఇవ్వండి. ఒకే కాగితం మీద వంద సంతకాలుంటే ఒక్క అభ్యంతరంగానే లెక్కవేసే అవకాశం ఉంది. కాగితం ఇచ్చాక మీ దగ్గరి నకలు మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకుని మరీ బయటకు రండి.